మీరడిగారు: లండన్‌లో ఓ బరో, దాని ఎన్నికల గొడవలు

తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్ అనే బరో (అంటే సొంత కౌన్సిల్ ఉన్న నగర విభాగం) గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. కెనరీ వార్ఫ్ బ్యాంకుల్లో, ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలు ఆ చుట్టుపక్కలే అద్దెకుంటారు కాబట్టి అమ్మానాన్నలకు అక్కడి సంగతుల మీద ఆసక్తి ఉండడం సహజమే. ఒకే రకం ప్రశ్నల్ని ఒకచోట కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి పోప్లర్‌లో అద్దెకుంటున్నాడండీ. వాడిది ఇంకా వర్క్ వీసానే, పౌరసత్వం మాట దేవుడెరుగు. అలాంటిది వాడి పేరు మీద ఓటుకు సంబంధించిన కార్డు వచ్చిందట. ఎవరైనా మోసం చేస్తున్నారేమో జాగ్రత్తరా అన్నాను. నిజంగా ఓటుంటుందా?

ఉంటుందండీ, మోసమేమీ లేదు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు అక్కడ అన్ని ఎన్నికల్లోనూ ఓటుంది, పార్లమెంటు ఎన్నికలతో సహా. మనది కామన్వెల్త్ దేశమే కాబట్టి వర్క్ వీసా అయినా స్టూడెంట్ వీసా అయినా 18 ఏళ్ళు నిండితే చాలు. వచ్చినది పోల్ కార్డు, అంటే మీ పోలింగ్ స్టేషన్ ఎక్కడో చెప్పే కాగితం అన్నమాట. అది పోయినా ఓటు పోదు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో ఫొటో గుర్తింపు మాత్రం తప్పనిసరి అయింది, మన పాస్‌పోర్టు చెల్లుతుంది.

పోలింగ్ గురువారం నాడు, ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది. ఆ రోజు సెలవివ్వరు, ఆఫీసుకు వెళ్ళేముందో వచ్చాకో వేసి రావాల్సిందే. బడిలోనో చర్చి హాల్లోనో చెక్క అరలు కట్టి, దారానికి కట్టిన పెన్సిల్ ఒకటి పెడతారు, దాంతో ఇంటూ గుర్తు పెట్టడమే. యంత్రం లేదు, వేలికి సిరా లేదు. మీ అబ్బాయి పేరు జాబితాలో ఎక్కిందంటే ఇంకో లాభం కూడా ఉంది, అక్కడ అప్పులిచ్చే సంస్థలు ఓటర్ల జాబితాలో పేరు చూసి క్రెడిట్ స్కోర్‌కి కాస్త విలువిస్తాయి. కాబట్టి తిట్టకండి, వేయమనండి.

ప్రశ్న: లండన్ మేయర్ అంటే సాదిక్ ఖాన్ కదా. మళ్ళీ టవర్ హామ్లెట్స్‌కి వేరే మేయరేంటి? గౌనూ టోపీ వేసుకుని బంగారు రథంలో ఊరేగే ఆయనెవరు? బుర్ర తిరుగుతోంది.

తిరగడంలో తప్పులేదు, అక్కడివాళ్ళకే తిరుగుతుంది. రథంలో ఊరేగేది సిటీ ఆఫ్ లండన్ అనే చిన్న చదరపు మైలుకి లార్డ్ మేయర్, ఏడాదికొకరు మారతారు. సాదిక్ ఖాన్‌ది 2000లో పుట్టిన పదవి, మొత్తం మహానగరానికి రవాణా, పోలీసు బడ్జెట్టు లాంటివి చూస్తారు. ఇక లండన్‌లో 32 బరోలున్నాయి, ఒక్కోదానికి ఒక కౌన్సిల్. చెత్త ఎత్తడం, లైబ్రరీలు, పార్కింగ్, బడులు, వృద్ధుల సంరక్షణ, ప్రభుత్వ ఇళ్ళ కేటాయింపు, కౌన్సిల్ ట్యాక్స్, ఇవన్నీ బరోవే. ఎక్కువ బరోల్లో గెలిచిన పార్టీ కౌన్సిలర్లు తమలో ఒకరిని లీడర్‌గా పెట్టుకుంటారు, మేయర్ అనేవారు మెళ్ళో గొలుసు వేసుకుని రిబ్బన్లు కత్తిరించేవారే. హాక్నీ, లూయిషమ్, న్యూహామ్, టవర్ హామ్లెట్స్, క్రాయ్‌డన్‌లలో మాత్రం మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు, అధికారమంతా ఆ ఒక్కరి చేతిలోనే. టవర్ హామ్లెట్స్‌లో రిబ్బన్లు కత్తిరించే పనికి స్పీకర్ అని వేరే ఒకరున్నారు.

ప్రశ్న: ఈ బరో ఎప్పటి నుంచి ఉంది? పాత చరిత్ర ఏమైనా ఉందా, లేక కెనరీ వార్ఫ్ మేడలు వచ్చాకే పేరొచ్చిందా?

మేడలు నిన్నగాక మొన్నటివి. స్టెప్నీ, పోప్లర్, బెత్నల్ గ్రీన్ అని అక్కడ మూడు పాత బరోలుండేవి, 1963 నాటి లండన్ ప్రభుత్వ చట్టం వాటిని కలిపి టవర్ హామ్లెట్స్ చేసింది. 1964లో మొదటి ఎన్నిక జరిగింది, 1965 ఏప్రిల్ 1న కొత్త కౌన్సిల్ పగ్గాలు పట్టింది. కానీ ఆ ప్రాంతం కథ దానికి చాలా ముందే మొదలైంది, నన్నడిగితే అసలు రుచి అక్కడే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోగానే 1919 ఎన్నికల్లో పోప్లర్ కౌన్సిల్‌ని లేబర్ పార్టీ గెలిచింది, జార్జ్ లాన్స్‌బరీ మేయరయ్యారు. (పక్కన స్టెప్నీకి మేయర్ ఎవరనుకున్నారు? క్లెమెంట్ అట్లీ, మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధానమంత్రి ఆయనే.) పోప్లర్‌లో ఓడరేవు కూలీలు, పనుల్లేనివాళ్ళు ఎక్కువ. ఆ రోజుల్లో పేదలకిచ్చే సాయం ఖర్చు ఏ బరోది ఆ బరోనే భరించాలి. ఇంటి పన్ను ఇంటి అద్దె విలువను బట్టి వసూలు చేసేవారు. పేదల బరోలో ఇళ్ళ విలువ తక్కువ కాబట్టి పన్ను శాతం ఎంత పెంచినా వచ్చేది చిల్లరే, సంపన్నుల వెస్ట్‌మినిస్టర్‌లో కొంచెం వేస్తే చాలు బోలెడు రాలేది. అంటే పేదల్ని సాకే భారం పేదల మీదే. దీనికి తోడు లండన్ కౌంటీ కౌన్సిల్‌కి (అప్పట్లో మొత్తం లండన్‌కి ఉన్న పై కౌన్సిల్), పోలీసులకి, ఇంకా రెండు బోర్డులకి కూడా పోప్లర్ జనం దగ్గర వసూలు చేసి కట్టాలి. 1921లో లాన్స్‌బరీ బృందం ఆ వాటా వసూలు చేయం పొమ్మంది.

కేసు పడింది. జులైలో కౌన్సిలర్లు తమ బరో నుంచి హైకోర్టు దాకా బ్యాండు మేళంతో, ముందు అధికార దండం పట్టిన బంట్రోతుతో ఊరేగింపుగా నడిచి వెళ్ళారు. కోర్టు ఆదేశం వినకపోయేసరికి ధిక్కారం కింద 30 మందిని జైల్లో పెట్టారు, మగవాళ్ళు బ్రిక్స్‌టన్ జైల్లో, ఆడవాళ్ళు హాలోవేలో. ఆడవాళ్ళలో ఒకావిడ గర్భిణి. వీళ్ళేమో కౌన్సిల్ సమావేశాలు జైల్లోనే పెడతాం అని పట్టుబట్టారు, చివరికి హాలోవే నుంచి మహిళా కౌన్సిలర్లను టాక్సీలో బ్రిక్స్‌టన్ జైలుకి తీసుకొచ్చి మీటింగులు జరిపించారంటే ప్రభుత్వం ఎంత ఇరుకున పడిందో చూడండి. ఆరు వారాల తర్వాత వదిలేశారు, పేదల సాయం ఖర్చులో ధనిక బరోలు కూడా వాటా పంచుకునేలా ఆ ఏడాదే చట్టం చేశారు. లాన్స్‌బరీ కోడలు మినీ లాన్స్‌బరీ కూడా జైలుకెళ్ళిన కౌన్సిలరే, బయటికొచ్చిన కొద్ది నెలలకే 1922 జనవరిలో న్యుమోనియాతో చనిపోయింది.

తర్వాత దశాబ్దాలపాటు ఆ ప్రాంతం లేబర్ కంచుకోట. పార్లమెంటుకైతే 1945లో మైల్ ఎండ్ నుంచి ఫిల్ పిరాటిన్ అనే కమ్యూనిస్టు కూడా గెలిచాడు. కంచుకోట అయిన చోట ఓటరును పట్టించుకునేవాడుండడు, అది ఎక్కడైనా అంతే. బరోలు కలిపేశాక ఐల్ ఆఫ్ డాగ్స్ వాళ్ళకి (థేమ్స్ నది మూడువైపులా చుట్టుకున్న ముక్క అది) బస్సులు సరిగా లేవు, సౌకర్యాలు లేవు, అడిగితే దిక్కులేదు. 1970 మార్చి 1న టెడ్ జాన్స్ అనే స్థానిక కౌన్సిలర్ ఆధ్వర్యంలో జనం వంతెనలు రెండూ మూసేసి 'మేం స్వతంత్ర దేశం' అని ప్రకటించుకున్నారు! ఆయన 'అధ్యక్షుడు'గా పత్రికలవాళ్ళకి ఇంటర్వ్యూలిచ్చారు. సరదాగా కనిపిస్తుంది గానీ కౌన్సిల్ మాకు దూరమైపోయింది అన్న ఆ కడుపుమంటే తర్వాత వేరే రూపాల్లో బయటపడింది.

ప్రశ్న: జాతి విద్వేష పార్టీ ఒకటి ఇక్కడ 7 ఓట్లతో గెలిచిందని ఎక్కడో విన్నాను. ఇంతమంది బంగ్లాదేశీయులున్న చోట అదెలా సాధ్యం?

విన్నది నిజమే. 1993 సెప్టెంబరు 16న ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి డెరెక్ బీకన్‌కి 1,480 ఓట్లు, లేబర్ అభ్యర్థికి 1,473 వచ్చాయి. ఆ పార్టీ గెలిచిన తొలి కౌన్సిలర్ సీటు అదే. బ్రిటన్ అంతా ఉలిక్కిపడింది.

దీని వెనక ఉన్నది ఇళ్ళ గొడవ. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలు స్పిటల్‌ఫీల్డ్స్ చుట్టూ కుట్టుపని చేసుకుంటూ ఇరుకిళ్ళలో బతికేవి, కౌన్సిల్ ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవి. వాళ్ళ మీద దాడులు మామూలైపోయిన రోజులవి. 1978 మే 4న, సరిగ్గా స్థానిక ఎన్నికల పోలింగ్ రోజు సాయంత్రం, అల్తాబ్ అలీ అనే యువ కుట్టు కార్మికుడు పని ముగించుకుని ఇంటికెళుతుంటే వైట్‌చాపెల్‌లో పొడిచి చంపారు. పది రోజులకి వేలమంది బెంగాలీలు ఆయన శవపేటిక వెంట ప్రధాని నివాసం డౌనింగ్ స్ట్రీట్ దాకా నడిచారు. ఈ బెంగాలీ యువత రాజకీయాల్లోకి దిగింది ఆ తర్వాతే, 1982లో వాళ్ళలోంచి కౌన్సిలర్లు ఎన్నికయ్యారు. అల్తాబ్ అలీ చనిపోయిన చోటు పక్కనున్న పార్కుకి ఇప్పుడు ఆయన పేరే.

1986లో లేబర్ కోట కూలింది. 50 సీట్లలో 26 గెలిచి లిబరల్స్ కూటమి పీఠం ఎక్కింది. బరోని ఏడు 'నైబర్‌హుడ్'లుగా విడగొట్టి, ఒక్కోదానికి వేరే ఆఫీసు, వేరే బడ్జెట్టు, ఇళ్ళు కేటాయించే అధికారం ఇచ్చేశారు. జనానికి పాలన దగ్గర చేయడం అన్న ఆలోచన మంచిదే, కానీ ఇళ్ళు పంచే పని పేటల చేతిలో పెట్టేసరికి 'మా పిల్లలకే ముందు' అన్న వాదన బలపడింది. అప్పటికే ఉంటున్నవాళ్ళ కొడుకులకీ కూతుళ్ళకీ ప్రాధాన్యం ఇచ్చే పథకం తెచ్చారు, అంటే కొత్తగా వచ్చిన బెంగాలీ కుటుంబాలు క్యూలో చివరికి పోయినట్టే. ఇంకోవైపు 1981లోనే ప్రభుత్వం డాక్‌ల్యాండ్స్ అభివృద్ధి సంస్థ పెట్టి ఆ భూముల ప్లానింగ్ అధికారాన్ని కౌన్సిల్ నుంచి లాగేసుకుంది. కళ్ళ ముందే గాజు మేడలు లేస్తున్నాయి, రేవు పనులు పోయిన ఇంట్లో కొడుక్కి ఇల్లు లేదు. ఆ కోపాన్ని బెంగాలీల మీదికి మళ్ళించడం విద్వేష పార్టీకి తేలికైంది. లిబరల్ డెమోక్రాట్ల (ఆ లిబరల్స్‌కే తర్వాత వచ్చిన పేరు) స్థానిక కరపత్రాల్లోనూ ఇదే వాసన వచ్చిందని ఆ పార్టీయే విచారణ వేయించుకోవాల్సి వచ్చింది.

1994 మేలో సాధారణ ఎన్నికలు వచ్చాయి. బీకన్‌కి ఓట్లు తగ్గలేదండీ, పెరిగాయి. కానీ ఈసారి ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా కదిలి వచ్చి ఓటేశారు, ఆయన ఓడిపోయాడు. బరో మొత్తం మీద లేబర్‌కి 43, లిబరల్ డెమోక్రాట్లకి 7. నైబర్‌హుడ్లు రద్దయ్యాయి.

ప్రశ్న: ఎన్నికైన మేయర్‌ని కోర్టు దించేసిందట, ఆయనే మళ్ళీ గెలిచాడట. అసలేం జరిగింది? ఎవరి మాట నమ్మాలి?

లుత్ఫుర్ రహమాన్ గురించి కదా మీరడిగేది. ఈ ప్రశ్న వేసినవాళ్ళలో సగంమంది ఆయన్ని దొంగ అన్నారు, సగంమంది వేధింపులకి గురైన నాయకుడన్నారు. జరిగినవి జరిగినట్టు చెబుతాను.

జనమే మేయర్‌ని ఎన్నుకునే పద్ధతి కావాలని ఓటర్లు సంతకాలు సేకరించడంతో 2010 మే 6న రెఫరెండం పెట్టారు, ఓట్లేసినవాళ్ళలో 60 శాతం మంది సరే అన్నారు. అంతకుముందు కౌన్సిల్ లీడర్‌గా చేసిన రహమాన్‌ని లేబర్ సభ్యులు అభ్యర్థిగా ఎంచుకున్నారు, పార్టీ జాతీయ కార్యవర్గం ఆరోపణల పేరుతో టికెట్ లాగేసి హెలాల్ అబ్బాస్‌కి ఇచ్చింది. ఇలాంటి కథలు మనకు కొత్తా? ఆయన రెబెల్‌గా నిలబడ్డారు. అక్టోబరు 21న ఆయనకి 23,283 ఓట్లు, లేబర్‌కి 11,254. అయితే ఓటేసింది పావు వంతు జనమే. అంత అధికారం ఉన్న పదవికి అంత తక్కువ పోలింగ్ మంచిది కాదని నా అభిప్రాయం, ఎవరు గెలిచినా సరే.

2014 మే 22న లేబర్ తరఫున జాన్ బిగ్స్ పోటీ చేస్తే రహమాన్ మళ్ళీ గెలిచారు. కమర్షియల్ రోడ్డులో ట్రాక్సీ అనే పాత సినిమా హాల్లో కౌంటింగ్ పెట్టారు, బయట జనం గుంపులు, లోపల రీకౌంటింగులు, గంటలు కాదు రోజులు పట్టింది. నలుగురు మామూలు ఓటర్లు ఎన్నికల పిటిషన్ వేశారు. ఓడిపోతే ఖర్చులు నెత్తిన పడతాయని తెలిసీ వేశారు. 2015 ఏప్రిల్ 23న ఎన్నికల కోర్టు జడ్జి రిచర్డ్ మారీ తీర్పిస్తూ ఎన్నిక చెల్లదన్నారు, రహమాన్ అవినీతి, అక్రమ పద్ధతులకు పాల్పడ్డారని తేల్చి ఐదేళ్ళు పోటీ చేయకుండా నిషేధించారు. తీర్పులో ఓ విచిత్రమైన అంశం ఉంది. 101 మంది మత పెద్దలు సంతకాలు చేసిన లేఖ ఒక బెంగాలీ వారపత్రికలో వచ్చింది, దాన్ని మతపరమైన ఒత్తిడి కింద లెక్కగట్టారు. 19వ శతాబ్దంలో ఐర్లండ్‌లో కేథలిక్ పాదరీలు ఓటర్లను భయపెట్టకుండా వాడిన సూత్రాన్ని దుమ్ము దులిపి తీసిన సంగతి ఇది. ముస్లిం ఓటర్లంటే సొంత ఆలోచన లేనివాళ్ళన్నట్టుగా ఉందని చాలామంది నొచ్చుకున్నారు, ఆ నొప్పిలో న్యాయం ఉందనిపిస్తుంది నాకు. కానీ తీర్పులో అదొక్కటే లేదు. ఓట్ల మోసం, ఎన్నికల ముందు గ్రాంట్ల పేరుతో డబ్బు పంచడం కూడా ఉన్నాయి, వాటిని పక్కన పెట్టి మాట్లాడడం కుదరదు. అదే సమయంలో పోలీసులు దర్యాప్తు చేసి రహమాన్ మీద క్రిమినల్ కేసు పెట్టలేదన్నదీ నిజం. తను తప్పు చేయలేదనే ఆయన అంటూ వచ్చారు.

తీర్పు రాకముందే, 2014 చివర్లో, కేంద్ర ప్రభుత్వం గ్రాంట్ల విషయంలో కమిషనర్లను పంపి కౌన్సిల్ నెత్తిన కూర్చోబెట్టింది. 2015 జూన్ 11న మళ్ళీ ఎన్నిక పెడితే జాన్ బిగ్స్ గెలిచారు, 2018లోనూ ఆయనే. నిషేధం గడువు తీరాక 2022 మేలో రహమాన్ ఆస్పైర్ అనే సొంత పార్టీతో వచ్చి బిగ్స్‌ని ఓడించారు, 45 కౌన్సిలర్లలో 24 మంది ఆయన పార్టీవాళ్ళే. వచ్చీరాగానే ఆయన మీద నిఘా కళ్ళు పడ్డాయి, 2024 నవంబరులో ప్రభుత్వం మళ్ళీ తన ప్రతినిధుల్ని పంపుతున్నట్టు ప్రకటించింది.

ఇంత జరిగాక జనం మేయర్ పద్ధతి మీదే విసిగిపోయారేమో అనుకుంటారు. అదేం లేదు. 2021లో మళ్ళీ రెఫరెండం పెడితే నూటికి దాదాపు 78 మంది మేయరే కావాలన్నారు. మంచో చెడో, ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది కదా అని కాబోలు.

ప్రశ్న: అక్కడ మేయర్‌కి రెండు ఓట్లు వేసేవారట కదా? గెలిచినవాణ్ణి రెండోసారి లెక్కపెట్టడమేంటి?

బ్యాలెట్ కాగితం మీద పేర్ల పక్కన రెండు నిలువు వరసలుండేవి, మొదటి దాంట్లో ఇష్టమైనవాడికి ఒక ఇంటూ, రెండో దాంట్లో వాడు కాకపోతే వీడు అనుకునేవాడికి ఇంకో ఇంటూ. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దర్ని ఉంచి మిగతావాళ్ళ కాగితాలు తీసి, వాటిలో రెండో ఇంటూ ఈ ఇద్దరిలో ఎవరికుంటే వాళ్ళకి కలిపేవారు. 2014 లెక్కే చూడండి: మొదట రహమాన్‌కి 36,539, బిగ్స్‌కి 27,643. దాదాపు తొమ్మిది వేల తేడా. రెండో ఓట్లు కలిపాక 37,395, 34,143. అంటే రహమాన్‌కి కలిసింది 856 అయితే బిగ్స్‌కి 6,500. ఓడిన మిగతా పార్టీలవాళ్ళలో ఎక్కువమంది రహమాన్ వద్దు అనే అనుకున్నారన్నది ఈ రెండో లెక్కలోనే బయటపడింది. 2022 ఎన్నికల చట్టం దీన్ని తీసేసింది, ఒకే ఇంటూ, ఎక్కువ ఎవరికొస్తే వాళ్ళే. నాకైతే పాత పద్ధతే నచ్చింది.

అన్నట్టు, భర్త వెంట వెళ్ళి భార్య చేత ఫలానాచోట గుర్తు పెట్టించడం అక్కడ చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు. 2023లో బ్యాలెట్ రహస్య చట్టం తెచ్చి, పక్కవాళ్ళ ఓటుని ప్రభావితం చేయడానికి అరలోకి తొంగిచూడడం, వెంటెళ్ళడం నేరం చేశారు. మీ కోడలు ఓటు మీ కోడలినే వేసుకోనివ్వమని అబ్బాయికి ముందే చెప్పండి.

ప్రశ్న: మా చెల్లెలు అక్కడ పదేళ్ళుగా ఉంటోంది, ఇండియన్ పాస్‌పోర్టే, శాశ్వత నివాసం వచ్చింది. కౌన్సిలర్‌గా పోటీ చేయాలని సరదా. కుదురుతుందా? డిపాజిట్ ఎంత?

ఓటుకి ఏ వీసా అయినా సరిపోతుంది గానీ పోటీకి శాశ్వత నివాసం ఉండాలి, మీ చెల్లెలికి ఉంది కాబట్టి అడ్డు లేదు. ఆ బరోలో ఓటరుగా పేరుండడమో, ఏడాదిగా అక్కడే ఉండడమో, పనిచేయడమో చూపిస్తే చాలు. కౌన్సిల్‌లో ఉద్యోగం చేస్తుంటే మాత్రం కుదరదు. కౌన్సిలర్ పదవికి డిపాజిట్ అసలు లేదు! నామినేషన్ కాగితం మీద ఆ వార్డు ఓటర్లు ఇద్దరి సంతకాలు చాలు. మేయర్‌కైతే 500 పౌండ్లు కట్టాలి, 5 శాతం ఓట్లు రాకపోతే గల్లంతే, సంతకాలూ 30 కావాలి. పార్టీ టికెట్ కావాలంటే ఇప్పటినుంచే సభ్యత్వం తీసుకుని సాయంత్రాలు కరపత్రాలు పట్టుకుని మెట్లెక్కాలి. లిఫ్టు పాడైన కౌన్సిల్ ఫ్లాట్లు ఆ బరోలో బోలెడున్నాయి, మోకాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో కనుక్కోండి.